ఒంటి ద్వారా ట్రామాకి చికిత్స చేసే వృత్తి: ఏ దారిన రావాలి, ఎక్కడ తప్పుతుంది

ముందు మీ ప్రశ్నని నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. వయసు 29, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చదివింది బీటెక్, పక్కన 200 గంటల యోగా టీచర్ కోర్సు. కూర్చోబెట్టి మాట్లాడించే కౌన్సెలింగ్ కంటే ఒంటితో పనిచేసే ట్రామా (ప్రమాదం, దాడి లాంటివి మనసులో, ఒంట్లో వదిలిన గాయం) థెరపీ మీదకి మనసు పోయింది. ఒంట్లో కలిగే అనుభూతుల ద్వారా ట్రామాతో పనిచేసే సోమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ అనే పద్ధతి కోర్సులో చేరితే మూడేళ్ళలో థెరపిస్ట్ అయిపోవచ్చా, ఉద్యోగం ఎప్పుడు మానెయ్యచ్చు అని అడిగారు.

ఆ కోర్సు ఒక్కటే చేస్తే థెరపిస్ట్ కారు. కోర్సులో లోపం ఉందని కాదు. వడ్రంగం రాకుండా మంచి బాడిసె కొనుక్కున్నట్టు ఉంటుంది, అంతే. శరీరంతో పనిచేసే పద్ధతులన్నీ ఇప్పటికే ఒక వృత్తిలో ఉన్నవాళ్ళు చేతికి తీసుకునే పనిముట్లు. కింద ఉండాల్సిన వృత్తి వేరే: క్లినికల్ సైకాలజీ, సైకియాట్రీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్, కౌన్సెలింగ్, ఫిజియోథెరపీ, లేదా డాన్స్ మూవ్‌మెంట్ థెరపీ. మీరు ముందు తేల్చుకోవాల్సింది వీటిలో ఏది అన్నదే. పద్ధతి ఎంపిక ఆ తర్వాత వస్తుంది, అది తేలిక కూడా.

పద్ధతుల గురించి క్లుప్తంగా. సోమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ పీటర్ లెవీన్ రూపొందించినది. మొదలు, మధ్య, పై స్థాయి కలిపి 8 మాడ్యూళ్ళు, సుమారు మూడేళ్ళు. దానికితోడు 12 గంటల వ్యక్తిగత సెషన్లు, 18 గంటల కేస్ కన్సల్టేషన్ (మీ కేసుల మీద అనుభవజ్ఞుల సలహా) పూర్తిచేస్తేనే సర్టిఫికెట్. సెన్సరీమోటార్ సైకోథెరపీ పాట్ ఆగ్డెన్‌ది. దాని శిక్షణ మానసిక ఆరోగ్య వృత్తిలో ఉన్నవారిని ఉద్దేశించినది. డాన్స్ మూవ్‌మెంట్ థెరపీకి వయసు ఎక్కువ. 1942లో వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక ఆసుపత్రిలో మరియన్ చేస్ రోగులతో మొదలుపెట్టారు. నార్వేలో 1940ల నుంచే ఫిజియోథెరపిస్టులు సైకియాట్రిస్టులతో కలిసి సైకోమోటార్ ఫిజియోథెరపీ చేస్తున్నారు. మన బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివినవాళ్ళు ఎవరూ అటు చూడరు, చూడాలి. ట్రామా సెన్సిటివ్ యోగా డేవిడ్ ఎమర్సన్ పేరుతో ముడిపడి ఉంది, 300 గంటల శిక్షణ. మీకు ఇప్పటికే యోగా ఉంది కాబట్టి దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

సోమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ యోగా టీచర్లనీ మసాజ్ చేసేవాళ్ళనీ కూడా చేర్చుకుంటుంది. గందరగోళమంతా అక్కడే పుడుతోంది. చేర్చుకుంటుంది గానీ, నేర్చుకున్నది మీ మూల వృత్తి హద్దుల్లోనే వాడాలని కూడా చెబుతుంది. యోగా టీచర్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాక కూడా యోగా టీచరే. పీటీఎస్‌డీకి (ట్రామా తర్వాత వదలకుండా వేధించే మానసిక జబ్బు) చికిత్స చేస్తానని బోర్డు పెట్టకూడదు.

ఇక చట్టం. ఇది విసుగ్గా ఉంటుంది కానీ దాటెయ్యకండి. 'క్లినికల్ సైకాలజిస్ట్' అని రాసుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) రిజిస్టర్‌లో పేరుండాలి. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం 13వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఆ పని చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ రిజిస్ట్రేషన్‌కి ఇన్నాళ్ళూ రాజమార్గం రెండేళ్ళ ఎం.ఫిల్. దాని అడ్మిషన్లకు యూజీసీ పొడిగించిన గడువు 2025–26 విద్యాసంవత్సరం. దాని స్థానంలోకి ఆర్‌సీఐ ఎం.ఏ. క్లినికల్ సైకాలజీ లాంటి కొత్త కోర్సులు తెస్తోంది. కాబట్టి సీనియర్లు 'ఎంఏ చేసి ఎం.ఫిల్ కొట్టు' అని చెప్పే పాత లెక్క మీకు వర్తించకపోవచ్చు. ఏ కాలేజీ అయినా ఫీజు కట్టేముందు ఆ కోర్సుకి, ఆ సంవత్సరానికి ఆర్‌సీఐ అనుమతి ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూడండి. కాలేజీకి అనుమతి ఉండటం వేరు, ఆ కోర్సుకి ఉండటం వేరు.

రెండోది 2021లో వచ్చిన నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం. క్లినికల్ కాని సైకాలజిస్టులు, కౌన్సెలర్లు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు, ఫిజియోథెరపిస్టులు దీని షెడ్యూల్‌లో ఉన్నారు. మూవ్‌మెంట్ థెరపిస్టులు కూడా ఉన్నారు, ఆర్ట్, డాన్స్ థెరపీతో కలిపి. చాలామందికి ఈ సంగతి తెలియదు.

దీని పర్యవసానం నేరుగా మీ మీద పడుతుంది. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేసేద్దాం అన్నది సాఫ్ట్‌వేర్ వాళ్ళు అందరూ వేసే ప్లాన్. 2025 జులై–ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీతో సహా ఈ చట్టం కిందికొచ్చే కోర్సులను దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ నడపకూడదని యూజీసీ నిలిపేసింది. ఇంకా ఎవరైనా 'ఇంటినుంచే సైకాలజీ పీజీ' అని అమ్ముతుంటే ఆ పట్టా చేతికొచ్చాక ఏ రిజిస్టర్‌లోకీ ఎక్కదని అనుకునే బేరమాడండి. రెగ్యులర్‌గా చదవాల్సిందే. కొన్ని యూనివర్సిటీలు ఏ డిగ్రీ ఉన్నా తీసుకుంటాయి, కొన్ని డిగ్రీలో సైకాలజీ ఉండాలంటాయి. బీటెక్ వాళ్ళు ప్రాస్పెక్టస్‌లో అర్హత పేరా ఒక్కటి చదివి సగం జాబితా కొట్టేసుకోవచ్చు.

మీ పరిస్థితికి వాస్తవంగా మూడు దారులున్నాయి. ఒకటి, రెండేళ్ళ రెగ్యులర్ ఎంఏ లేదా ఎమ్మెస్సీ సైకాలజీ, ఆ పైన ఆర్‌సీఐ కోర్సు, మధ్యలోనో చివరలోనో సోమాటిక్ శిక్షణ. అయిదారేళ్ళ పని, కానీ ఆసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్ట్‌గా కూర్చునే అర్హత దీనితోనే వస్తుంది. రెండు, ఎంఎస్‌డబ్ల్యూ చేసి సోషల్ వర్క్ దారిన రావడం. ట్రామా ఎక్కువగా కనిపించే చోట్లకి, అంటే హింసకి గురైన స్త్రీలకి సాయం చేసే సఖి కేంద్రాలు, హైదరాబాద్ పోలీసుల భరోసా కేంద్రం లాంటివి, స్వచ్ఛంద సంస్థల షెల్టర్ హోములు, ఈ దారి తొందరగా చేరుస్తుంది. జీతం తక్కువ. నేర్చుకునేది మాత్రం ఏ ప్రైవేటు క్లినిక్‌లోనూ దొరకదు. మూడు, ఉద్యోగం మానకుండా యోగా టీచర్‌గానే ట్రామా సెన్సిటివ్ యోగా శిక్షణ తీసుకుని, సైకాలజిస్ట్ పంపిన వాళ్ళకి చిన్న బృందాల్లో క్లాసులు చెప్పడం. దీన్ని థెరపీ అనకూడదు, యోగా క్లాస్ అనే అనాలి. ఇది మీకు నచ్చుతుందో లేదో తేల్చుకోవడానికి చవకైన పరీక్ష కూడా. ముందు మూడోది ఏడాది చేసి, అప్పుడు ఒకటోదో రెండోదో ఎంచుకోమనే నా సలహా.

యోగా టీచర్‌గా మీకు వచ్చిన కొన్ని అలవాట్లు ఇక్కడ సొమ్ము, కొన్ని అప్పు. ఊపిరి ఎక్కడ ఆగుతోందో, భుజం ఎప్పుడు పైకి లేచిందో కనిపెట్టే కన్ను మీకు ఇప్పటికే ఉంది. సైకాలజీ చదివినవాళ్ళకి అది రావడానికి చాలా కాలం పడుతుంది. వదులుకోవాల్సినవి: చేత్తో ఆసనం సరిదిద్దడం, 'చెయ్యి పైకెత్తండి' అని ఆజ్ఞాపించడం, కళ్ళు మూయించడం. ఒంటి మీద అధికారం ఒకసారి పోగొట్టుకున్న మనిషికి మళ్ళీ ఇంకొకరు ఒంటి గురించి ఆజ్ఞలివ్వడం చికిత్స కాదు. 'వీలనిపిస్తే చెయ్యి కొంచెం ఎత్తి చూడచ్చు, లేదంటే ఇలాగే ఉండచ్చు, రెండూ సరే' అనాలి, అనడమే కాదు నిజంగా రెండూ సరే అనుకోవాలి. ఎత్తకపోతే మీ ముఖంలో కనిపించే నిరాశ వాళ్ళు మీకంటే ముందు పట్టేస్తారు.

శవాసనం సంగతి విడిగా చెప్పాలి. లైట్లు ఆర్పి, వెల్లకిలా పడుకోబెట్టి, టీచర్ మనుషుల మధ్య చప్పుడు కాకుండా నడవడం మామూలు క్లాసులో హాయి. లైంగిక దాడి జరిగిన మనిషికి అది ఆ రాత్రే. అక్కడ కుర్చీ, వీపు గోడవైపు, తలుపు కనిపించేలా, లైటు వెలుగుతూ, టీచర్ ఒకే చోట కూర్చుని ఉండాలి. లేచి వెళ్తుంటే ముందే చెప్పి లేవాలి.

ఇప్పుడు అసలు పని ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో కనిపించే ఏడుపులూ వణుకులూ చూసి వచ్చేవాళ్ళు మొదటి ఆరు నెలల్లో నీరుగారిపోతారు. బయటినుంచి చూస్తే ఇది చాలా నిదానమైన పని.

హైవే మీద లారీ కింద పడబోయి తప్పించుకున్న మనిషి అనుకోండి. ఒంటి దెబ్బలు మానాయి. హారన్ వినపడితే మాత్రం చేతులు బిగుసుకుపోతున్నాయి, బండి ఎక్కలేకపోతున్నాడు. సెషన్ గంట. మొదటి పది నిమిషాలు ప్రమాదం ఊసే ఉండదు. మెడ తిప్పుతూ గదంతా నెమ్మదిగా చూడమంటారు. కుర్చీ వీపుకి ఎక్కడ తగులుతోంది, పాదాల కింద నేల చల్లగా ఉందా అని అడుగుతారు. ఒంట్లో ఏ ఇబ్బందీ లేని చోటు ఒకటి వెతికిస్తారు. మోకాలి చిప్పో చెవి తమ్మో అయినా చాలు. తర్వాత జరిగేదంతా ఆ చోటికి తిరిగొస్తూ వెళ్తూ చేసే ఊగులాట.

ఆ తర్వాత ప్రమాదంలోకి కాదు, దానికి చాలా ముందుకి: ఆ ఉదయం బండి స్టార్ట్ చేసిన క్షణానికి. అదీ ఇరవై ముప్ఫై సెకన్లు. మీ పని చూడటం. మింగుతున్నాడా, దవడ బిగిసిందా, ముఖం పాలిపోయిందా, చూపు ఒకచోట నిలిచిపోయిందా. వేళ్ళు బ్రేక్ పట్టుకున్నట్టు ముడుచుకుంటే కథ ఆపి, 'చేతుల్లో ఏమవుతోంది?' అని అడుగుతారు. ఆ పట్టు ఎంత పట్టాలనిపిస్తే అంత, కానీ మామూలు వేగంలో నాలుగో వంతుతో పట్టనిస్తారు. ఆ రోజు సగంలో తెగిపోయిన కదలిక అది. తర్వాత ఒక నిట్టూర్పో ఆవలింతో వస్తుంది, అరచేతుల్లో వెచ్చదనం, కొన్నిసార్లు సన్నటి వణుకు. అక్కడ ఒకటి రెండు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవాలి. కొత్తవాళ్ళు నూటికి తొంభైమంది సరిగ్గా ఇక్కడే 'మీకేమనిపిస్తోంది, దీని అర్థమేమిటి' అని అడిగి మనిషిని ఒంట్లోంచి తలలోకి లాగేస్తారు. చివరి పావుగంట పూర్తిగా బయటికి: లేచి నాలుగడుగులు, నీళ్ళు, ఇంటికి ఎలా వెళ్తారన్న ప్రశ్న. కళ్ళు ఇంకా మసగ్గా ఉంటే ఆటోలో పంపాలి, బండి మీద కాదు.

లెవీన్ దీనికి టైట్రేషన్ అని కెమిస్ట్రీ ల్యాబ్ మాట పెట్టారు. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో బ్యూరెట్ ముట్టుకున్న ఎవరికైనా తెలుసు: ఒక్క చుక్క ఎక్కువైతే ఫ్లాస్క్ అంతా రంగు మారుతుంది, మొదటినుంచి చెయ్యాలి. ఇక్కడా అంతే, కాకపోతే పారబోసి మొదలుపెట్టడానికి ఉండదు. తొందరపడితే మనిషి వరదలో పడ్డట్టు పాత అనుభవంలో మునిగిపోతాడు, లేదా పూర్తిగా మొద్దుబారిపోతాడు. మొద్దుబారడాన్ని చూసి 'ఎంత ప్రశాంతంగా ఉన్నారో' అని సంబరపడే థెరపిస్టులు ఉన్నారు. తేడా పట్టుకోవడం తేలిక: శాంతపడిన మనిషి గదిని చూస్తాడు, పేరు పిలిస్తే వెంటనే పలుకుతాడు, చేతులు వెచ్చగా ఉంటాయి. మొద్దుబారిన మనిషి చూపు గోడ దాటి పోతుంది, జవాబు ఆలస్యంగా, ఎక్కడో దూరంనుంచి వస్తుంది. అప్పుడు ఒంట్లోకి ఇంకా లోతుగా చూడమనకూడదు. కళ్ళు తెరిపించి, గదిలో నీలం రంగువి అయిదు చూపించమనో, నిలబడి గోడని తొయ్యమనో అడగాలి.

శిక్షణలన్నీ ఇంగ్లిషులో ఉంటాయి, ఎదుటికి వచ్చే మనిషి తెలుగులో వస్తాడు. దీన్ని ఎవరూ తగినంత పట్టించుకోరు. పాఠంలో నేర్పిన ప్రశ్నని తెలుగులోకి దించి 'మీ శరీరంలో మీకు ఏ సెన్సేషన్ కలుగుతోంది' అంటే మనిషి బిక్కమొహం వేస్తాడు. 'ఒంట్లో ఎలా ఉంది' అంటే నిమిషం ఆగకుండా చెబుతాడు. నిజానికి మన భాష ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. కాళ్ళూ చేతులూ ఆడలేదు, నోట మాట రాలేదు, గుండె జారిపోయింది, గొంతు పూడుకుపోయింది, కడుపులో దేవుతోంది, ఒళ్ళు జల్లుమంది, ప్రాణం లేచొచ్చింది. పుస్తకాల్లో ఫ్రీజ్ అని పేజీలు పేజీలు రాసిన స్థితిని 'కాళ్ళూ చేతులూ ఆడలేదు' అన్న ఒక్క ముక్కలో పల్లెటూరి ముసలమ్మ చెప్పేస్తుంది. మీరు దాన్ని అలంకారంగా వినకుండా ఉన్నదున్నట్టు వినాలి. 'ఇప్పుడు, ఇక్కడ కూర్చున్నప్పుడు, చేతులు ఆడుతున్నాయా?' అని అడగండి, పని మొదలైపోతుంది.

నొప్పికీ మనకి మాటలు తక్కువేమీ కాదు: సలపరం, పోటు, గుంజుడు, తిమ్మిరి, జివ్వుమనడం, మంట, బరువు. ప్రతిదీ వేరే అనుభవం, ఒకదాని బదులు ఇంకోటి వెయ్యకూడదు. తెలంగాణలో 'పానం మంచిగ లేదు' అంటే ఒంటి సంగతా మనసు సంగతా అని విడదీయబోకండి. అన్న మనిషి విడదీయలేదు. 'నీరసం' ఒక్కటి మాత్రం అన్నిటికీ వాడతారు, దాన్ని విప్పి అడగాలి: కాళ్ళలోనా, కళ్ళలోనా, పొద్దున్నా సాయంత్రమా, అన్నం తిన్నాక తగ్గుతుందా. ఏడాదిలో ఇలాంటి మాటలు రెండొందలు ఒక నోట్‌బుక్‌లో జిల్లాలవారీగా రాసుకోండి. ఏ మాడ్యూల్‌లోనూ ఇది ఇవ్వరు.

పూనకం, గాలి సోకడం, పిల్లలు దడుచుకోవడం అని చెప్పేవాళ్ళూ వస్తారు. నవ్వకండి, ఒప్పుకోనూ వద్దు, వివరాలు అడగండి. ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు, తర్వాత గుర్తుందా, నాలుక కొరుక్కున్నారా, బట్టల్లో మూత్రం పడిందా. చివరి రెండిటికి అవునంటే ముందు న్యూరాలజిస్ట్ దగ్గరికి, ఫిట్స్ అయ్యుండచ్చు.

ఒంటితో పనిచేసేవాళ్ళు చేసే అతి ప్రమాదకరమైన తప్పు ఇదే, అన్నిటినీ ట్రామా అనుకోవడం. గుండెదడ, వణుకు, చెమట, బరువు తగ్గడం థైరాయిడ్ ఎక్కువైనా వస్తాయి. ఆయాసం, నిస్సత్తువ రక్తహీనతలో కూడా ఉంటాయి, మన ఆడవాళ్ళలో అది ఎంత మామూలో చెప్పక్కర్లేదు. షుగర్ మందులు వాడేవాళ్ళకి షుగర్ పడిపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది. ఛాతీ నొప్పిని ఈసీజీ లేకుండా 'అణిచిపెట్టిన బాధ' అనేసిన థెరపిస్ట్ చేతిలో ఏదో ఒకరోజు ప్రాణం పోతుంది. మొదటి సెషన్‌కి ముందే సీబీసీ (రక్తకణాల లెక్క), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, 40 దాటితే ఈసీజీ డాక్టర్ చూశారా అని ఫారంలో అడగండి. మందుల జాబితా కూడా రాయించండి. ప్రొప్రనొలాల్ వేసుకునే మనిషి గుండె వేగం చూసి శాంతపడ్డాడని లెక్కెయ్యకూడదు, ఆ మాత్ర పనే అది.

ఫారంలో ఇంకో మూడు ఉంచండి. పీటీఎస్‌డీ లక్షణాల ప్రశ్నావళి పీసీఎల్-5 ఉచితం, 20 ప్రశ్నలు, మొత్తం 80 మార్కులు. 31–33 దాటితే పీటీఎస్‌డీ ఉండొచ్చని సూచన, నిర్ధారణ కాదు. డీఈఎస్-2కి 28 ప్రశ్నలు, సగటు 30 దాటితే తననుంచీ చుట్టూ ఉన్నదాన్నుంచీ విడిపోయే స్వభావం (డిసోసియేషన్) బలంగా ఉందని, పెద్ద అనుభవం లేనివాళ్ళు ఒంటరిగా పట్టుకోకూడదని అర్థం. డిప్రెషన్ ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాక ఏది రాసినా ఆ రోజు ఒంటి పని ఆపి దాని గురించే మాట్లాడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరు గోడ మీద కాదు, వాళ్ళ ఫోన్‌లో సేవ్ చేయించాలి.

ఇంకా కొట్టే మనిషితోనే కాపురం చేస్తున్న స్త్రీ విషయంలో వెనక్కి తగ్గడం రావాలి. ఆమె ఒళ్ళు మోగిస్తున్న గంట పాతది కాదు, ఇవాళ్టిదే. ఆ గంటని నిద్రపుచ్చితే ఆమెకి హాని. అక్కడ ముందు 181 (మహిళల హెల్ప్‌లైన్), లాయరు, పుట్టిల్లు, డబ్బు. మైనర్ పిల్ల లైంగిక వేధింపు గురించి చెప్పిందంటే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం మీరు పోలీసులకి తెలియజెయ్యాల్సిందే, 21వ సెక్షన్ ప్రకారం చెప్పకపోవడం నేరం. గోప్యత ఉంటుందని మొదటి రోజు మాటిచ్చేటప్పుడే ఈ మినహాయింపు కూడా చెప్పాలి. పిల్ల నోరు విప్పాక చెబితే అది ఇంకో ద్రోహంలా తగులుతుంది.

స్పర్శ గురించి చాలామంది అడుగుతారు. మొదటి రెండు మూడేళ్ళు ముట్టుకోకుండా చెయ్యడమే నేర్చుకోండి. గోడని తొయ్యడం, దిండుని ఒత్తడం, వాళ్ళ చెయ్యి వాళ్ళే గుండె మీద పెట్టుకోవడం, వీపు వెనక బరువైన దుప్పటి, వీటితో స్పర్శ చేసే పనిలో చాలా భాగం జరిగిపోతుంది. తర్వాత కూడా రాతపూర్వక అనుమతి, దానికితోడు ప్రతిసారీ నోటి అనుమతి, ముట్టుకునేది భుజమో ముంజేయో పాదమో మాత్రమే, ఎక్కడ ఎంతసేపు అన్నది ఆ రోజే నోట్స్‌లో. 'సరే' అన్న మాట నమ్మకండి, ఒళ్ళు చూడండి. ట్రామా ఉన్న మనిషికి పెద్దవాళ్ళ ముందు సరే అనడం అలవాటు, అనేసి ఊపిరి బిగబడతారు. ఊపిరి ఆగిందంటే వద్దన్నట్టే.

'లోతుగా ఊపిరి పీల్చండి' అన్న సలహా కూడా అందరికీ పడదు. గబగబా లోతుగా పీలిస్తే తల తిరిగి, వేళ్ళు తిమ్మిరెక్కి, భయం ఇంకా పెరుగుతుంది. వదిలే ఊపిరిని కొంచెం పొడుగు చెయ్యమనడమో, ఊపిరి జోలికే పోకుండా పాదాల దగ్గర ఉండటమో మేలు. వణుకు రావాలని వెంటపడటం మరో జబ్బు. వస్తే రానివ్వాలి, రప్పించకూడదు. గట్టిగా ఏడిస్తే నయమైనట్టు లెక్క కాదు. వచ్చే వారం నిద్ర ఎలా ఉందన్నది లెక్క.

పరిశోధన ఎంతవరకు ఉందో తెలిసే దిగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో పీటీఎస్‌డీకి పేర్లు చెప్పి సూచించినవి ట్రామా మీద దృష్టిపెట్టిన సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్ళు అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకంతో పనిచేసే చికిత్స), పెద్దవాళ్ళకైతే ఒత్తిడి తగ్గించే శిక్షణ కూడా. సోమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ మీద 2017లో ఇజ్రాయెల్ నుంచి వచ్చిన యాదృచ్ఛిక పరీక్షలో (లాటరీ పద్ధతిలో వర్గాలుగా విడదీసి చేసేది) 63 మంది, 15 వారాల సెషన్లు. ఫలితం బాగుంది, సంఖ్య చిన్నది. యోగా మీద 2014లో ట్రామా పరిశోధకుడు బెసెల్ వాన్ డెర్ కోల్క్ బృందం 64 మంది మహిళలతో పది వారాలు చేసింది. యోగా వర్గంలో లెక్కకి వచ్చిన 31 మందిలో 16 మంది, పోలిక వర్గంలో 29 మందిలో 6గురు చివరికి పీటీఎస్‌డీ ప్రమాణాల నుంచి బయటపడ్డారు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో ఒక్క 75 నిమిషాల సోమాటిక్ సెషన్‌తో మేలు కనిపించిందని 2008లో ఒక పత్రం వచ్చింది. పోల్చడానికి చికిత్స అందని వర్గం అందులో లేదు కాబట్టి దాన్ని పట్టుకుని 'ఒక్క సెషన్ చాలు' అని ప్రచారం చెయ్యడం అన్యాయం. పాలీవేగల్ సిద్ధాంతాన్ని (భయం, ప్రశాంతత వేగస్ నాడి దారుల మీద ఆధారపడతాయనేది) శిక్షణల్లో వేదంలా చెబుతారు. శరీరధర్మ శాస్త్రవేత్తల్లో దాని మీద గట్టి అభ్యంతరాలున్నాయి, క్లయింట్‌కి నిరూపితమైన నిజంలా చెప్పకండి. ఈ కారణాల చేత సోమాటిక్ ఒక్కటే నేర్చుకుని ఆగకండి, ఈఎండీఆర్ గానీ ట్రామా సీబీటీ గానీ ఒకటి పక్కన ఉండాలి.

డబ్బు లెక్క ఒకటి వేసి చూపిస్తాను, అంకెలు మీ ఊరికి మార్చుకోండి. సెషన్‌కి 1,500, వారానికి 15 సెషన్లు, ఏడాదిలో 44 వారాలు: 9,90,000. నూటికి పదిమంది రాకుండా ఎగ్గొడితే 99,000 పోతుంది. గది గంటకి 300 అయితే వాళ్ళు రాకపోయినా కట్టాల్సిందే, 1,98,000. నెలకి రెండు గంటల సూపర్‌విజన్ (అనుభవజ్ఞులతో మీ కేసులు చర్చించడం), గంట 2,500 చొప్పున 60,000. మిగిలేది 6,33,000, అదీ పన్నుకి ముందు, కొత్త శిక్షణ ఫీజులకి ముందు. పదిహేను సెషన్లు నిండటానికే రెండేళ్ళు పట్టొచ్చు. 'వారానికి 30 చేస్తే రెట్టింపు కదా' అనకండి. రోజుకి నాలుగుకి మించి ట్రామా సెషన్లు చేసేవాళ్ళు సాయంత్రానికి ఎదుటి మనిషి ఒంటిని చూడటం మానేసి మాటలు వింటూ కూర్చుంటారు. సెషన్‌కీ సెషన్‌కీ మధ్య పావుగంట ఖాళీ ఖర్చు కాదు, పనిలో భాగం. సూపర్‌విజన్ డబ్బు మిగుల్చుకునేవాళ్ళే ముందుగా వృత్తి వదిలి వెళ్తారు.

ఇంట్లోవాళ్ళు అమెరికాలో ఉన్నారు, వెళ్ళే అవకాశం ఉంది అని కూడా రాశారు. అక్కడ లైసెన్స్ రాష్ట్రానిది. కాలిఫోర్నియాలో ఎల్ఎంఎఫ్‌టీ (దంపతుల, కుటుంబ థెరపిస్ట్) లైసెన్స్‌కి పీజీతోపాటు 3,000 గంటల పర్యవేక్షణలో పని కావాలి. ఇక్కడి రిజిస్ట్రేషన్ అక్కడ చెల్లదు. హైదరాబాద్‌లో కూర్చుని డాలస్‌లో ఉన్నవాళ్ళకి జూమ్‌లో థెరపీ చెయ్యడానికీ అదే చిక్కు: క్లయింట్ ఏ రాష్ట్రంలో కూర్చున్నారో అక్కడి నియమమే చూస్తారు. వెళ్ళడం ఖాయమైతే ఇక్కడ మొదలుపెట్టకుండా అక్కడే సోమాటిక్ విభాగం ఉన్న పీజీ చూసుకోండి. కొలరాడోలో నరోపా యూనివర్సిటీ, శాన్‌ఫ్రాన్సిస్కోలో సీఐఐఎస్ అనే విద్యాసంస్థ దశాబ్దాలుగా నడుపుతున్నాయి.

ఏ శిక్షణలో అయినా చేరేముందు నిర్వాహకులకి మెయిల్ పెట్టి అయిదు అడగండి: మొత్తం ముఖాముఖి గంటలెన్ని, నేను చేసిన సెషన్ ఎవరైనా కళ్ళారా చూసి తప్పులు చెబుతారా, చేరడానికి అర్హత ఏమిటి, పూర్తయ్యాక నా పేరు పక్కన ఏం రాసుకోవచ్చు, మధ్యలో నా పాత గాయమే లేస్తే ఏం చేస్తారు. చివరిదానికి తడుముకుంటే చేరకండి. అర్హత 'ఎవరైనా', వ్యవధి రెండు రోజులు, పట్టా 'ట్రామా హీలర్' అయితే మిగతా ప్రశ్నలు అడగక్కర్లేదు.

మీ క్రమం ఇలా పెట్టుకోండి. ఈ నెలలో మీరు క్లయింట్‌గా ఒక అర్హత ఉన్న థెరపిస్ట్ దగ్గర కనీసం పన్నెండు సెషన్లు మొదలుపెట్టండి. ఈ పని ఎదుటి కుర్చీలోంచి ఎలా ఉంటుందో తెలియాలి, మీలో కెలికితే లేచేది ఏముందో కూడా. ఏదైనా పెద్ద దెబ్బ తగిలి ఏడాది కాకపోతే శిక్షణ వాయిదా వెయ్యండి, చికిత్స కాదు. పక్కన ట్రామా సెన్సిటివ్ యోగా శిక్షణ, శనాదివారాల్లో ఏదైనా షెల్టర్ హోములో వాళ్ళ కౌన్సెలర్ పర్యవేక్షణలో వారానికి ఒక క్లాసు. వచ్చే అడ్మిషన్ల సీజన్‌కి రెగ్యులర్ ఎంఏకి, ఎంఎస్‌డబ్ల్యూకి రెండిటికీ అప్లై చెయ్యండి. సోమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ మొదటి మాడ్యూల్ పీజీ రెండో ఏడాదిలో, చేతిలో చూడటానికి మనుషులు ఉన్నప్పుడు. రాజీనామా మెయిల్ మాత్రం అడ్మిషన్ లెటర్ వచ్చి, ఏడాదిన్నర ఇంటి ఖర్చు బ్యాంకులో ఉన్నాకే పంపండి.